మా యెదుట పెట్టిన పళ్ళెం



ఈ నెల ఒక భోజనం సంగతి వ్రాయాలని కూర్చున్నాము. అయ్యగారికి తిండి సంగతులు ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. సంఘ కాపరికి భోజనాలు కొత్త కావు. పెండ్లి విందు, గృహప్రవేశ ప్రార్థన తరువాత పులిహోర, జ్ఞాపకార్థ కూడికలో కోడికూర, ఇలా పద్దెనిమిదేండ్ల సేవలో మేము చేయి కడుక్కోని ఇల్లు మా సంఘంలో లేదు. అయితే ఈసారి మేము వెళ్ళింది తినాలనే ఆశతో కాదు. మేము చేసిన ఒక తప్పు దిద్దుకోవడానికి వెళ్ళాము. అందుకే దాచకుండా వ్రాస్తున్నాము.

మాది విశాఖపట్నానికి ఉత్తరాన, భీమిలి వైపు సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న సంఘం. సగం కుటుంబాలకు చేపలవేటే ఆధారం. మిగిలినవారు కూలిపనుల మీద, కొద్దిపాటి జీడిమామిడి తోటల మీద బ్రతుకుతారు. మూడేండ్ల క్రితం కోతకాల పండుగ ఆరాధనలో కృతజ్ఞతను గురించి ప్రసంగిస్తున్నాము. ఎండ ఎక్కువై జనం కునికిపాట్లు పడుతుంటే, వారిని లేపుదామని ఒక వేళాకోళం ఆడాము. "ఈ రోజుల్లో పట్నంలో వేలకు వేలు పోసి పచ్చి చేప తింటున్నారట! మన ఊరి పిల్లులు నయం, అవి వేయించిన తలకాయ కోసం వంటింటి గుమ్మం దగ్గర కాచుకుంటాయి" అన్నాము. అందరూ గొల్లుమన్నారు. ప్రసంగం రక్తి కట్టిందని మేమూ సంతోషించాము.

ఆ రోజు వెనుక వరుసలో, గుమ్మం దగ్గర, ఒక అబ్బాయి కూర్చుని ఉన్నాడు. మా చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవాడు. ఆ ఆదివారం తరువాత అతడు గుడికి రాలేదు. పట్నంలో పని, సెలవు దొరకదేమో అనుకున్నాము. దాదాపు ఏడాది తరువాత వాళ్ళమ్మ చేపల గంప దించుకొని మా అరుగు మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పింది. "అయ్యగారూ, మావాడు చేసే పని అదే కదండీ. ఆ పచ్చి చేప కోసేది వాడే. ఆ రోజు అందరూ వాడికేసి తిరిగి నవ్వారు."

ఆ మాట విన్నాక మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఇంటి సంగతి కొంత చెప్పాలి. తండ్రి తెప్ప మీద వేట నేర్చినవాడు, తరువాత ఫైబరు బోటు కొనుక్కున్నాడు. సూర చేప కోసం గాలాలతో లోతు సముద్రంలోకి వెళతాడు. "నా కొడుకు ఒంటికి చేప వాసన రాకూడదు" అని పట్టుబట్టి, భార్య మెడలోని బంగారం అమ్మి, అబ్బాయిని హోటల్ మేనేజ్‌మెంట్ చదివించాడు. అబ్బాయి చెన్నై వెళ్ళి నాలుగేండ్లు పని చేశాడు. ఆ పట్నంలోనూ చుట్టుపక్కలా జపాను కంపెనీలు చాలా ఉన్నాయి. మన రాష్ట్రపు సరిహద్దులోని శ్రీసిటీలో కూడా ఉన్నాయి. ఇసుజు వాహనాల కర్మాగారం అక్కడ 2016లో మొదలైంది. ఆ కంపెనీల ఇంజనీర్లు తమ ఇంటి రుచి కోసం వచ్చే భోజనశాలలు చెన్నైలో ఉన్నాయి. అటువంటి ఒకదానిలో ఒక జపాను వంటవాని దగ్గర అబ్బాయి గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, అన్నం వండడం, చివరికి చేప కోయడం నేర్చుకున్నాడు. తరువాత విశాఖపట్నంలో ఒక చిన్న జపాను భోజనశాలలో వంటవాడిగా చేరాడు. తండ్రికి అది తలకొట్టేసినట్టయింది. "చేప నుంచి తప్పిద్దామని బంగారం అమ్మితే మళ్ళీ చేప దగ్గరికే పోయాడు. అదీ పచ్చిది!" అన్నాడు. కొడుకుతో మాటలు తగ్గిపోయాయి. ఆ పుండు మీద మా వేళాకోళం కారం చల్లింది.

మేము అబ్బాయికి ఫోను చేసి, "నాయనా, మేము తప్పు మాట్లాడాము, మమ్మును క్షమించు" అన్నాము. అతడు కాసేపు ఊరుకుని, "క్షమాపణ ఎందుకండీ అయ్యగారూ. ఒకసారి అమ్మగారినీ మా మామ్మనూ తీసుకుని రండి. నేను వండింది తిని, ఆ తరువాత మీకు ఏమనిపిస్తే అది అనండి" అన్నాడు. అందులో కోపం లేదు గాని, తప్పించుకునే దారి కూడా లేదు.

2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. మరునాడు సోమవారం మాకు తీరిక, వారికీ రద్దీ తక్కువ. కాబట్టి ఆ రోజు వెళ్ళాము. తండ్రిని కూడా పిలిచాము. "వల బాగుచేసుకోవాలి అయ్యగారూ" అన్నాడు. అప్పటికి వేట నిషేధం మొదలై వారం కాలేదు. జూన్ 14 వరకు బోట్లు ఒడ్డుననే ఉంటాయి. ఆ వల బాగు చేయడానికి అతని చేతిలో దాదాపు రెండు నెలలు ఉన్నాయి. మేము బలవంతం చేయలేదు.

అలా మేము, మా భార్య, మామ్మ ఆటోలో బయలుదేరాము. మామ్మకు తొంభై దాటింది. చూపు తగ్గింది గాని మాట తగ్గలేదు. బీచి రోడ్డు మీద విశాఖ మ్యూజియం దగ్గరకు రాగానే ఆటో ఆపమంది. ఆ మ్యూజియంలో, యుద్ధకాలంలో జపానువారు విశాఖ మీద వేసిన ఒక బాంబు ఉంది. మామ్మ దిగలేదు. ఆటోలోంచే అటు చెయ్యి చూపించి, "ఆ జపానోడి ఇంటికేనా ఇప్పుడు నన్ను కూటికి తీసుకెల్తన్నారు?" అంది.

చిన్న పిల్లలకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాము. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను యుద్ధనౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం రేవు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. అంతకు నెల ముందే రంగూను జపాను వశమైంది. అక్కడ కూలికి, వ్యాపారానికి వెళ్ళిన మన తెలుగువారు ప్రాణాలు అరచేత పట్టుకుని అడవుల వెంట నడిచి వస్తున్న రోజులవి. విశాఖలో జనం ఇళ్ళు వదిలి లోపలి గ్రామాలకు పారిపోయారు. సముద్రం నుండి శత్రువు దిగుతాడేమోనని కట్టిన కాపలా దిమ్మెలు ఇప్పటికీ ఆర్.కె. బీచి ఇసుకలో కనబడుతుంటాయి. ఆ ఏప్రిల్ 6 కూడా ఈస్టరు మరునాటి సోమవారమే. మేము లెక్క చూసి పెట్టుకున్న రోజు కాదు, ఇంటికి వచ్చాక పాత పంచాంగం చూస్తే తెలిసింది.

అప్పటికి మామ్మకు ఎనిమిదేండ్లు. "మాయమ్మ పొయ్యి మీద అన్నం పెట్టింది. దిమ్మదిరిగే సప్పుడు. అన్నం దించలేదు, తలుపు ఎయ్యలేదు, ఎలాగున్నోల్లం అలాగే ఎలిపోనాం" అని ఆమె ఎన్నోసార్లు చెప్పగా విన్నాము. ఎంతో దూరం నడిచి, ఎవరో పెట్టిన గంజి తాగారట. ఆమెకు జపాను అంటే ఆ దించని అన్నమే.

భోజనశాల చిన్నది. ఆరేడు బల్లలు, ఒక పొడవాటి చెక్క బల్ల. ఆ చెక్క బల్ల వెనుక వంటవాడు నిలబడి, తినేవారి కళ్ళెదుటే చేప కోస్తాడు. మేము లోపల అడుగుపెట్టగానే పనివారందరూ ఒక్క గొంతుతో జపాను భాషలో స్వాగతం పలికారు. మామ్మ ఉలిక్కిపడింది. ఒక మూల చాప పరచిన అరుగు ఉంది, చెప్పులు విప్పి ఎక్కాలి. మన పల్లె గుడులలో చెప్పులు బయటే విడుస్తాము గదా, మామ్మకు అది నచ్చింది. అబ్బాయి తెల్లని బట్టల్లో వచ్చి, నడుము వంచి నమస్కరించి, వేడినీటిలో పిండి చుట్టిన చిన్న తువాళ్ళు ఒక్కొక్కరికి ఇచ్చాడు. చేతులు తుడుచుకోవడానికి. మనం చెంబుతో నీళ్ళిచ్చినట్టే అన్నమాట.

ముందే ఒక సంగతి అడిగాము. జపాను వంటలలో బియ్యంతో చేసిన సారా కొద్దిగా కలుపుతారని విన్నాము. అబ్బాయి దాచలేదు. "నిజమేనండీ, చాలావాటిలో పడుతుంది. మీకోసం అది లేకుండా చేశాను, రుచి కాస్త తేడా ఉంటుంది" అన్నాడు. మరొక సంగతి కూడా చెప్పాడు. మన ఊళ్ళలో జపాను వంట పేరుతో అమ్మేవాటిలో చాలావరకు మన నాలుకకు తగినట్టు కారం, వేపుడు, తెల్లని క్రీమూ చేర్చినవేనట. ఆ రోజు మాత్రం తన గురువు నేర్పినట్టే, ఏమీ చేర్చకుండా పెడతానన్నాడు.

మేము భోజనానికి ప్రార్థన చేసుకున్నాము. అప్పుడు అబ్బాయి చెప్పాడు. జపానువారు కూడా తినేముందు చేతులు జోడించి "ఇతాదకిమాస్" అంటారట. తలవంచి పుచ్చుకుంటున్నాను అని దాని భావం. తిన్న తరువాత "గొచిసోసమా" అంటారు. ఆ మాటలో పరుగెత్తడం అనే అర్థం ఉందట. అతిథికి పెట్టడానికి అటూ ఇటూ పరుగెత్తి సరుకులు తెచ్చినవారికి కృతజ్ఞత. మేము ఎన్నో ఇండ్లలో భోజన ప్రార్థన చేశాము. వంటింట్లో చెమటోడ్చిన తల్లిని ప్రార్థనలో తలచుకున్నది ఎన్నిసార్లు అని లెక్క చూసుకుంటే సిగ్గు వేసింది.

మొదట అన్నం, పులుసు, ఊరగాయ ముక్కలు వచ్చాయి. ఒక పులుసు, మూడు పక్కవంటలు, అన్నం, ఇదే వారి ఇంటి భోజనపు వరస. 2013లో యునెస్కోవారు జపాను సంప్రదాయ భోజన పద్ధతిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చారు. ఆ పులుసు పేరు మిసో. సోయా గింజలను ఉడికించి, ఉప్పు, బూజుపట్టించిన బియ్యం కలిపి నెలల తరబడి పులియబెట్టిన ముద్దతో చేస్తారు. దాని అడుగున ఉన్న రుచి మాత్రం సముద్రానిది. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగ పట్టించిన సూరజాతి చేప, ఈ రెండింటినీ నీటిలో వేసి దింపిన రసం అది. ఆ చేపను కట్టెముక్కలా గట్టిపడేదాకా ఆరబెట్టి, చిత్రిక పట్టినట్టు పొరలు పొరలుగా గీస్తారు. మామ్మ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది ఎండు సేప పులుసే కదరా!" అంది. ఆ మాటతో ఆమె బిగువు కొంత సడలింది. పుల్లలతో తినడం ఎలాగని బెంగపడుతుంటే అబ్బాయి చెంచాలు తెచ్చి పెట్టాడు. పుల్లలు వాడితే ఒక్క నియమం మాత్రం మరువవద్దన్నాడు. వాటిని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. వారి దేశంలో చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారట.

అన్నం గురించి మామ్మ తీర్పు వెంటనే వచ్చింది. "మెత్తబడిపోనాది." మనకు మెతుకు మెతుకు విడివడాలి, వారికి అంటుకోవాలి. అంటుకుంటేనే పుల్లలకు అందుతుంది.

తరువాత రొయ్యల టెంపురా. పలచని పిండిలో ముంచి నూనెలో వేయించినది. "బజ్జీ!" అన్నది మా భార్య. అబ్బాయి నవ్వి, "బజ్జీకి చుట్టమేనండీ" అని దాని కథ చెప్పాడు. పోర్చుగీసువారు 1543లో జపాను చేరారు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అక్కడ సువార్త ప్రకటించాడు. ఆ పోర్చుగీసువారు ఉపవాస దినాలలో మాంసం మాని చేపలు, కూరగాయలు పిండిలో ముంచి వేయించుకునేవారు. ఆ ఉపవాస కాలాలకున్న లాటిను పేరు నుండే టెంపురా అనే మాట వచ్చిందని చాలామంది చెబుతారు.

ఆ తరువాతి కథ మేము వేదాంత పాఠశాలలో చదివినదే. 1597లో నాగసాకిలో ఇరవై ఆరుగురు విశ్వాసులను సిలువ వేశారు. 1614లో క్రైస్తవ మతాన్ని దేశమంతటా నిషేధించారు. పాదిరి లేకుండా, గుడి లేకుండా, తల్లిదండ్రుల నోటి నుండి పిల్లలు నేర్చుకుంటూ కొందరు రెండు వందల యేండ్లకు పైగా నిలిచారు. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన ఓఉర గుడికి ఉరకామి అనే పల్లెవారు వచ్చి, మేమూ మీ విశ్వాసమే అని చెప్పినప్పుడు ఆ పాదిరి ఆశ్చర్యపోయాడు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన అణుబాంబు ఆ ఉరకామి గుడికి కూతవేటు దూరంలోనే పేలింది. ఆ సంగతి మామ్మకు చెప్పాము. ఆమె చేతిలోని రొయ్య పళ్ళెంలో పెట్టి, "అల్లా పిల్లలు కూడా అన్నం దించకుండానే పోయుంటారు" అంది. ఎనభై మూడేండ్లలో ఆమె జపానువారి గురించి జాలితో అన్న మొదటి మాట అదేనేమో.

చివరికి ఆ పళ్ళెం వచ్చింది. దానికోసమే మేము పొద్దుటి నుండి మనసు దిటవు చేసుకుంటున్నాము. దొండపండు రంగులో సూర ముక్కలు, పక్కన నారింజ రంగు సాల్మన్, తెల్లని ముల్లంగి తురుము, చిటికెడు ఆకుపచ్చ వసాబి ముద్ద, చిన్న గిన్నెలో సోయా రసం. ఉత్త చేప ముక్కలను సాషిమి అంటారు. వెనిగరు కలిపిన అన్నంతో పెడితే సుషి. సుషి అంటే పచ్చి చేప అనుకుంటాము గాని, ఆ పేరు అన్నానిది. పూర్వం చేప చెడకుండా ఉప్పు వేసి, అన్నంలో పొరలుగా నెలల తరబడి ఊరబెట్టి, ఆ అన్నం పారవేసి చేప తినేవారట. మనం ఉప్పు చేప ఎండబెట్టుకున్నట్టే, వారిదీ వేట లేని రోజుల కోసం దాచుకునే ఉపాయమే. చేత్తో నొక్కి అప్పటికప్పుడు పెట్టే సుషి ఇంచుమించు రెండు వందల యేండ్ల క్రితం ఇప్పటి టోక్యో నగరంలో పుట్టింది, వీధి బండ్ల మీద అమ్మేవారు.

"సుషిని చేత్తో తినవచ్చు మామ్మా, తప్పు లేదు" అన్నాడు అబ్బాయి. మామ్మ ముఖం వికసించింది. "మరి ముందే సెప్పవేటి!"

అయినా ఆమె చేయి చాచలేదు. మావైపు చూసింది. అబ్బాయీ మావైపే చూశాడు. మూడేండ్ల క్రితం మేము అన్న మాట ఆ బల్ల మీదనే ఉన్నట్టు అనిపించింది. మేము ఒక సూర ముక్క తీసుకుని నోట పెట్టుకున్నాము. నీచు వాసన వస్తుందనుకున్నాము, రాలేదు. చల్లగా, వెన్నలా మెత్తగా ఉంది, చివర్లో కాస్త తీపి. వసాబి ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు వసాబివేనని మా భార్యతో అన్నాము. ఆమె నమ్మలేదు.

"నాయనా, ఇది పచ్చిదే, కాని నీచు లేదేమి?" అని అడిగాము. అప్పుడు అబ్బాయి చెప్పిన పాఠం మీకు అందరికీ పనికివస్తుంది గనుక వ్రాస్తున్నాము. చేప పట్టిన క్షణం నుండే దాని రుచి నిర్ణయమవుతుందట. జపాను పద్ధతిలో చేపను కొట్టుకోనివ్వకుండా తల మీద మేకుతో ఒక్క పోటు పొడిచి, వెంటనే రక్తం తీసి, వెన్నులో సన్నని తీగ పోనిచ్చి, ఐసు నీటిలో ఉంచుతారు. దానిని ఇకెజిమె అంటారు. బోటు అడుగున గంటల తరబడి గిలగిలలాడి, ఎండలో పడి ఉన్న చేపకు ఆ రుచి రాదు. అంతే కాదు, సూర చేప ఎండలో ఉంటే దానిలో ఒక విషపదార్థం తయారవుతుంది. అది ఎంత ఉడికించినా పోదు. సూర తిని ఒళ్ళంతా దద్దుర్లు, దురద వచ్చినవారు మన ఊళ్ళలో ఉన్నారు గదా, దానికి కారణం అదే.

"ఆ సూర మన సముద్రానిదేనండీ. నిషేధానికి ముందు పట్టింది. పచ్చిది అంటే పొద్దున్నే పట్టింది అని కాదు. లోపలి పురుగులు చావడానికి సున్నాకు 20 డిగ్రీల దిగువన కనీసం 7 రోజులు ఉంచుతారు. 35 డిగ్రీల దిగువన గడ్డకట్టిస్తే 15 గంటలు చాలు. మన ఇంటి ఫ్రిజ్‌తో అది నమ్మకంగా కాదండీ" అన్నాడు. కాబట్టి పాఠకులకు మా మనవి. మా మాటలు చదివి బజారు చేపను ఇంట్లో పచ్చిగా తినవద్దు. గర్భిణీ స్త్రీలు, చిన్నపిల్లలు, జబ్బుతో ఉన్నవారు పేరున్న చోట కూడా దాని జోలికి పోకపోవడం మంచిది.

అతడు మాట్లాడుతుంటే అతని చేతులు చూశాము. కత్తిని ఒకే దిక్కుగా, ఒకే లాగుడులో నడిపిస్తున్నాడు. ప్రతి ముక్క తరువాత బల్ల తుడుస్తున్నాడు. ఏ ముక్కా వృథా కానివ్వడం లేదు. తల, ముల్లు కూడా పులుసుకు తీసి ఉంచాడు. ఆ చేతులు మేము ఎక్కడో చూసినట్టుంది అనుకుంటుండగానే మామ్మ అంది, "ఈడి సెయ్యి ఆల్ల తాత సెయ్యే. గాలానికి ఎర కట్టినప్పుడు అచ్చం అలాగే." అబ్బాయి కత్తి పక్కన పెట్టి, ఒక క్షణం అటు తిరిగి నిలబడ్డాడు.

మామ్మ ఒక సుషి తిన్నది. రెండవది కూడా తిన్నది. సాషిమి మాత్రం ముట్టలేదు. "ఈ వయసులో నాకొద్దు నాయినా, నీ సేత్తో అన్నం తిన్నాను, సాలు" అంది. బలవంతం చేయకుండా అబ్బాయి ఆమెకు ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన కానాగంత చేప తెచ్చి పెట్టాడు. దానిని ముల్లు తప్ప ఏమీ మిగల్చకుండా తిన్నది. పళ్ళెంలో మిగిలిన నాలుగు మెతుకులు కూడా వేలితో ఏరుకుంది. అవి ఏరుతున్నప్పుడు ఆమె ఏమి తలచుకుంటున్నదో మేము అడగలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ధరల కాగితం చూస్తే మాకు గుండె ఝల్లుమంది. ఒక్క పళ్ళెం ఖరీదు మా సంఘంలో కూలికి వెళ్ళే చెల్లెలి రెండు రోజుల సంపాదన. ఇది మన కుటుంబాలు నెలనెలా వెళ్ళే చోటు కాదు, వెళ్ళమని మేము చెప్పడమూ లేదు. అబ్బాయి మమ్మును జేబులో చేయి పెట్టనివ్వలేదు. "ఇది నా కోతకాల పండుగ కానుక అనుకోండి" అన్నాడు. ఆ పండుగ పేరు ఎందుకు ఎత్తాడో మాకు అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు మా మనసులో జపాను దేవసేవకుడు కగావా మెదిలాడు. కోబె నగరపు మురికివాడలో 1909లో కాపురం పెట్టి పేదల మధ్య బ్రతికినవాడు. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆయన వచ్చాడు. తన దేశం చైనాకు చేసిన కీడు నిమిత్తం చైనా ప్రజలను క్షమాపణ అడిగినందుకు 1940లో ఆయనను నిర్బంధించారు. ఒక దేశం చేసిన తప్పుకు ఒక్క మనిషి తల వంచగలిగాడు. మేము మా సొంత నోటి తప్పుకు ఫోనులో ఒక మాట చెప్పి సరిపెట్టుకోబోయాము.

అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కు తీసుకోవాలి. తరువాతి ఆదివారం అదే ప్రసంగ పీఠం నుండి, మూడేండ్ల క్రితం మేము అన్నదేమిటో మళ్ళీ చెప్పి, అది తప్పని, తెలియని పనిని, తెలియని తిండిని ఎగతాళి చేసి ఒక బిడ్డను నొప్పించామని చెప్పాము. ఈసారి ఎవరూ నవ్వలేదు. తండ్రి గోడకు ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక మాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మా మాటలు అతనికి కూడా తగిలాయని, అది మరొక నొప్పేమోనని భయపడ్డాము.

నిషేధం ముగిసింది. వానలు తగ్గి మళ్ళీ సూర పడే రోజులు వచ్చాయి. ఒక తెల్లవారుజామున ఒడ్డున గుంపు చూసి వెళ్ళాము. తండ్రి బోటు వచ్చి ఉంది. ఐసు పెట్టెలో మంచి సూర ఒకటి ఉంది. చెవుల దగ్గర గాటు పెట్టి రక్తం శుభ్రంగా తీసి ఉంది. సెలవు మీద వచ్చిన అబ్బాయి పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని ఇసుకలో కూర్చుని, తోక దగ్గర చిన్న కోత కోసి, లోపలి రంగు తండ్రికి చూపిస్తున్నాడు. "ఎర్రగా మెరుస్తోంది చూడు నాన్నా, ఇది మంచి ధర పలుకుతుంది." తండ్రి ముఖంలో నవ్వేమీ లేదు. "మేకు కొంచెం పక్కకు పోయినట్టుంది. ఎక్కడ కొట్టాలో సరిగా చూపించు" అన్నాడు.

కొడుకు తండ్రి వేలు పట్టుకుని చేప కళ్ళ నడుమ, కాస్త పైగా ఉన్న చోట ఆనించాడు. "ఇక్కడ నాన్నా."

ఇద్దరి మధ్య ఇంకా మాట్లాడుకోవలసినవి చాలా ఉన్నాయి. అవి ఒక చేపతో తీరేవి కావు. కాని ఆ ఉదయం వారి ఇంటి నుండి మాకు పులుసు వచ్చింది, సూర తల పులుసు, బాగా చింతపండు వేసి, మన కారంతో. గిన్నె తెచ్చింది తండ్రే.

ప్రియమైన పాఠకులారా, మీ పిల్లలలో ఎవరో ఒకరు మీకు అర్థం కాని పని చేస్తుండవచ్చు. దూరాన ఉండి దానిని గురించి మాట్లాడకముందు ఒకసారి వెళ్ళి, వారు పెట్టినది తిని రండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, మామ్మ అలాగే చెప్పింది. మేము నోటితో చేసిన తప్పు, తిన్న తరువాతే మాకు బాగా అర్థమైంది.